మనూసోస్ బూటులో రాయి

మా మనూసోస్ గురించి ఊళ్లో ఒక పుకారు తిరుగుతోంది. కింద సముద్రపు ఒడ్డున గదులు అద్దెకిచ్చే తన చిన్నాన్న కూతురు ఒలింబియాతో అతను లాలూచీ పడ్డాడట. గైడుగా తను గండి దింపే సందర్శకులను కావాలని ఆలస్యం చేసి, సాయంత్రం లాంచీ తప్పిపోయేలా చేస్తాడట. దిక్కులేక వాళ్లంతా రాత్రికి ఒలింబియా గదుల్లో పడుకుంటారట. ఇది పచ్చి అబద్ధం. నేను స్వయంగా నా కాళ్లతో నడిచి, నా కళ్లతో చూసి తేల్చుకొచ్చిన సంగతి ఇది. కాఫీ దుకాణంలో కూర్చుని పొద్దుపోక పూసలదండలు తిప్పుకునే మగవాళ్ల మాటే మీకు ముద్దనుకుంటే ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆలస్యం చేసే మాట మాత్రం నిజం. మనూసోస్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అతని బూటులో రాయి పడుతుంది.

అందరికీ పడుతుంది, అందులో వింతేముంది అంటారా? అందరికీ పడటం వేరు, మనూసోస్‌కు పడటం వేరు. మా గండి అంతా సున్నపురాయి. పైన మా అస్ప్రోలిథి ఊరి చివర మొదలై కింద మర్మారి ఒడ్డు దాకా రెండు పక్కలా ఆకాశాన్ని గిల్లే తెల్లటి గోడలు, కాళ్ల కింద రాళ్లు. ఆ రాళ్లలో ప్రతి ఒక్కదానికీ మనూసోస్ బూటు చిరునామా ఎవరో రాసిచ్చినట్టుంటుంది.

పదిమందినీ వెంటబెట్టుకుని హుషారుగా నడుస్తుంటాడా, ఉన్నట్టుండి చెయ్యెత్తుతాడు. "ఆగండాగండి! పడింది!" ఒక బండ చూసుకుని పెళ్లిపీటల మీద కూర్చున్నంత ఠీవిగా కూర్చుంటాడు. బూటు తాడును ఒక్కొక్క కన్నంలోంచీ చిక్కుపడ్డ జడ విప్పినంత ఓపికగా విప్పుతాడు. బూటు తిరగేసి దులుపుతాడు. రాలిన పలుకును అరచేతిలో వేసుకుని ఎండకు చూపిస్తాడు.

"చూశారా! ఇది ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేది. ఇదిగో, ఈ గీత గవ్వ ముద్ర. అక్కణ్ణుంచి నా బూటు దాకా రావడానికి ఎన్ని యుగాలు పట్టిందో పాపం!"

అందరూ మూగి, కళ్లు చికిలించి చూసి, "అబ్బ!" అంటారు. ఆ గీత నాకు ఒక్కసారీ కనబడలేదు.

ఒక ఏడాది కొండమీది చిన్న చర్చికి దేవుడి పటం ఊరేగింపు వెళ్తోంది. ముందు పటం, వెనక కొవ్వొత్తులతో ఊరంతా. నడుమ మా ఫాదర్ నెక్తారియోస్, ఆయన పొట్ట, ఆయన ఆయాసం. సగం కొండ ఎక్కామో లేదో, "పడింది!" అని కేక. ఊరేగింపు ఆగిపోయింది.

"ఒరే మనూసో! దేవుడి ఊరేగింపులో కూడా నీ బూటేనా?" అని ఫాదర్ ఒక రాతిమీద చతికిలబడి, టోపీతో విసురుకుంటూ మండిపడ్డారు.

"ఆ రాయి కూడా దేవుడిదే కదా ఫాదర్! ఎక్కడ పడాలో ఆయనే చెప్పి పంపిస్తాడు," అన్నాడు వీడు, తాడు విప్పుతూ.

అప్పటినుంచి మా ఊళ్లో ఏది ఆలస్యమైనా "మనూసోస్ బూటు" అంటారు. బస్సు రాకపోతే మనూసోస్ బూటు. రొట్టె పొంగకపోతే మనూసోస్ బూటు. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేకపోతే కూడా అదే.

నాకు అనుమానం తగిలింది మాత్రం మా ఇంటి ముందు. ఒకరోజు కాళ్లీడ్చుకుంటూ నడిచే స్ట్రాతిస్ తాతతో కలిసి వస్తూ సరిగ్గా నా కిటికీ ఎదురుగా ఆగాడు. "పడింది తాతా, కాస్త ఆగు" అన్నాడు. ఇద్దరూ మా అరుగుమీద కూలబడ్డారు. అది సిమెంటు రోడ్డు. ఆ పొద్దున ఊడ్చింది నేనే. నేను ఊడ్చిన రోడ్డు మీద రాయి ఎక్కడిది?

మరోసారి మా ఇంటికొచ్చి గుమ్మం బయట బూట్లు విడిచాడు. ఇలాంటి అవకాశం వదులుకునేదాన్నా? చెయ్యి దూర్చి లోపలంతా తడిమాను. మడమల పైకంటా ఉన్న గట్టి బూట్లు, పైన పట్టీ. ఒక్క చిల్లు లేదు. నమ్మకం కుదరక చెంబుడు నీళ్లు పోసి చూశాను. చుక్క కారలేదు. ఆ రోజు అతను పచక్ పచక్‌మంటూ ఇంటికెళ్లాడు, అది వేరే సంగతి.

ఇంతలో వ్యవహారం ముదిరింది. మర్మారికి రోడ్డు లేదు. గండి దిగినవాళ్లు సాయంత్రం లాంచీ ఎక్కితేనే బయటపడేది. ఆ లాంచీ వరసగా తప్పిపోతోందని సందర్శకులను పంపే బస్సువాళ్లు గోలపెట్టారు. మా గండి నడక సంఘానికి అధ్యక్షుడు పొలిదోరస్ కాఫీ దుకాణం నడిమధ్య నిలబడి తేల్చేశాడు.

"ఈ శనివారం కూడా లాంచీ తప్పిందంటే, ఆదివారం సభలో నీకు దండం మనూసో! గైడు పని పాంతేలిస్‌కు ఇచ్చేస్తాం. కుర్రాడు, కాళ్లు కాదు అవి, స్ప్రింగులు!"

మనూసోస్ నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో జారిపోయింది. పెళ్లాం పోయాక అతనికి మిగిలింది ఆ గండే. వాళ్ల నాన్న కూడా అక్కడే జనానికి దారి చూపాడు. చేపను నీళ్లలోంచి తీసి, ఇక ఒడ్డున హాయిగా ఉండు అంటే ఎలా?

"శనివారం నేనూ వస్తా," అన్నాను. "రాయి సంగతి తేలుస్తా."

పొలిదోరస్ పగలబడి నవ్వినంత పని చేశాడు. "నువ్వా అర్గిరో అక్కా! ఈ వయసులో నీ మోకాళ్లు..."

"నా మోకాళ్ల సంగతి నా మోకాళ్లు చూసుకుంటాయి. నీ పొట్ట సంగతి నువ్వు చూసుకో."

ఇక్కడ మావాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా కొండల్లో ఎవరూ "అలిసిపోయాను" అనరు. ఆ మాట అనడం కంటే ఊపిరి వదిలెయ్యడం మర్యాద అనుకుంటారు. దారిలో ఆగినవాడు కొండ అందం చూస్తున్నానంటాడు. కూర్చున్నవాడు మేకలు లెక్కపెడుతున్నానంటాడు. మా ఆయన పొట్టేలును భుజాన వేసుకుని గండి ఎక్కుతూ బోర్లా పడ్డాడు. జనం పరిగెత్తుకెళ్తే, "ఏం లేదు, నేల వాసన చూస్తున్నా" అన్నాడు మహానుభావుడు. ఆయన పెళ్లాన్ని నేను. ఇక నా సంగతి అడగాలా!

శనివారం తెల్లవారింది. నాకు పెళ్లినాడు కూడా అంత హుషారు లేదు! మూటలో ఎండురొట్టె, మేకపాల చీజ్, ఆలివ్ పళ్లు కట్టుకుని అందరికంటే ముందు గండి మొదట్లో నిలబడ్డాను. బస్సు దిగినవాళ్లలో అందరి కళ్లూ లాక్కున్నది ఒక జంట. పిరేయస్ రేవునుంచి ఓడలు నడిపి రిటైరైన కెప్టెన్ ఫోటిస్, ఆయన కొత్త పెళ్లాం దోమ్నా. పేర్లు మార్చాను, పిరేయస్ వెళ్లి వెతక్కండి. ఆయనకు తల నెరిసింది, ఆమెకు ఇంకా నెరవలేదు. అందుకని ఆయన ప్రతి బండమీదికీ ఎగిరి దూకి, వెనక్కి తిరిగి చెయ్యి చాపుతున్నాడు.

"పట్టుకో దోమ్నా, భయపడకు!"

ఆమె చెయ్యి పట్టుకోకుండానే మేకపిల్లలా గెంతి ఆయనకంటే ముందుకు పోతోంది.

ఏం గండి అండీ అది! పుట్టిననాటినుంచీ చూస్తున్నా, దిగినప్పుడల్లా ఒళ్లు ఝల్లుమంటుంది. రెండు పక్కలా గోడలు దగ్గరికొచ్చేస్తాయి, ఆకాశం పైన నీలం రిబ్బను అయిపోతుంది. గన్నేరు పొదలు గులాబీ రంగులో విరగబూసి ఉన్నాయి. కేకేస్తే గోడ తిరిగి కేకేస్తుంది. గోడ నడుమ, పిట్ట కూడా వాలడానికి ఆలోచించే చోట, అడవిమేక ఒకటి నిలబడి మమ్మల్ని తీరిగ్గా నమిలినట్టు చూసింది. "అదుగో! అదుగో!" అని అరిచింది అందరికంటే గట్టిగా నేనే.

అత్తిచెట్టు మలుపు దగ్గర మొదటి కేక వినిపించింది. "పడింది!"

నేను ఒక్క ఉదుటున వెళ్లి అతని పక్కనే కూర్చుని, కళ్లజోడు తగిలించి, బూటు మీదికి వంగాను.

"పిన్నీ, ముక్కు కాస్త తియ్యి. అది రాళ్లు పడే చోటు."

"ఎప్పుడు పడిందిరా? నేను నీ కాళ్లే చూస్తూ నడుస్తున్నానే!"

"రాయి నీకు చెప్పి పడుతుందా? నువ్వే అన్నీ అడిగి తెలుసుకుంటావు గానీ."

రాయి బయటికొచ్చింది, గవ్వ ముద్ర చూపించాడు, యుగాలు చెప్పాడు. మళ్లీ నడక. ఊట దగ్గర మళ్లీ "పడింది!" నేను మళ్లీ పక్కన కూర్చున్నాను. పరిశీలన కోసమే కూర్చున్నాను, ఇది గుర్తుంచుకోండి. ఈసారి బూటు చూడలేదు, చెయ్యి చూశాను. చూశానా! అతని ఎడమచెయ్యి జేబులోకి పోయి వచ్చింది. బూటు దులిపే లోపల ఆ చెయ్యి మెత్తగా బూటులోకి దూరి వచ్చింది. ఆ తర్వాతే రాయి రాలింది.

దొరికాడు దొంగ!  రాళ్లు పడటం లేదు, వీడే జేబులోంచి వేసుకుంటున్నాడు! అంటే పుకారు నిజమేనా? ఒలింబియాతో లాలూచీ కూడా నిజమేనా? అక్కడే కాలర్ పట్టుకుందామనుకున్నా. ఊరుకున్నాను. ముందు లాంచీ చేతికి చిక్కుతుందో లేదో చూడాలి కదా.

ఎండ నడినెత్తి దాటి చాలాసేపైంది. చివరి ఇరుకు దగ్గరికొచ్చాం. పోయిన చలికాలం కొండచరియ విరిగి అక్కడ బండల గుట్ట పడింది. దాన్ని ఎక్కి దిగితే సముద్రమే. మనూసోస్ పైకెక్కాడు, దోమ్నా ఎక్కింది, కుర్రకారంతా ఎక్కింది, నేనూ చేతులతో కాళ్లతో పాకుతూ ఎక్కాను. దూరంగా లాంచీ మొదటి కూత వేసింది. రెండో కూతతో బయల్దేరుతుంది. ఇప్పుడు దిగితే అందుతాం! తప్పకుండా అందుతాం!

"పదండి, పదండి!" అని నేను అరుస్తున్నాను. మనూసోస్ సముద్రం వైపు చూశాడు. లాంచీ ఎంత దూరమో, తన పని ఎంత దూరమో రెండూ ఒకేచోట కనబడ్డట్టు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి గుట్ట కిందికి చూశాడు. చూసి, కూర్చున్నాడు.

"పడింది."

"ఒరే నీ బూటు తగలెయ్య!" అని విరుచుకుపడ్డాను. "పని పోతుందిరా వెధవా! ఆదివారం పాంతేలిస్‌కు కట్టబెడతారు! నీ జేబులో రాళ్లు నేను చూశా, నాటకాలు ఆపి లే!"

అతను తలెత్తలేదు. "ముడి పడింది పిన్నీ. గట్టిగా అరవకు, ఇంకా బిగుసుకుంటుంది."

జనం గొల్లుమన్నారు. అందరూ అతని చుట్టూ మూగారు. ఒకడు ముడి గోటితో తియ్యమంటాడు, ఒకడు పంటితో తియ్యమంటాడు. కోపంతో నేను మొహం తిప్పుకున్నాను. అలా తిప్పుకోవడం వల్ల, ఆ పదిమందిలో నేనొక్కదాన్నే గుట్ట కిందికి చూశాను.

కెప్టెన్ ఫోటిస్ సగం దారిలో ఒక బండ వెనక ఒదిగి కూర్చుని ఉన్నాడు. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. ఛాతీమీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి గాలి మింగుతున్నాడు. దోమ్నా వీపు అటువైపు. ఆమె బూటు మీదికి వంగి, "అయ్యో, గవ్వ ముద్ర నిజంగానే ఉందే!" అంటోంది.

నేను నోరు తెరిచాను. మనూసోస్ తల వంచుకునే నా గౌను అంచు పట్టి లాగాడు. నోరు మూసుకున్నాను.

ముడి ఎంతకీ రాలేదు. ఒక పక్క విప్పితే ఇంకో పక్క బిగుసుకుంటోంది. అంత చేతకాని వేళ్లు మళ్లీ చూడలేదు నేను. కింద కెప్టెన్ సీసా ఎత్తి నీళ్లు తాగాడు. కాసేపటికి మొహంలోకి రంగొచ్చింది. లేచాడు, టోపీ సర్దుకున్నాడు, మెల్లగా ఒక్కొక్క బండా ఎక్కి మా మధ్యకొచ్చి గద్దించాడు.

"ఏమిటయ్యా ఇక్కడ మీటింగు? నడవరేం?"

"క్షమించండి కెప్టెన్ గారూ, నా బూటు," అన్నాడు మనూసోస్. ముడి చటుక్కున ఊడిపోయింది.

"మంచి బూట్లు కొనుక్కోవయ్యా! నీవల్ల అందరికీ ఆలస్యం!"

"చిత్తం."

లాంచీ రెండో కూత వేసింది. మేం గుట్ట దిగి గులకరాళ్ల ఒడ్డుకు చేరేసరికి అది నీళ్లమీద తెల్లటి చార గీసుకుంటూ పోతోంది.

ఒలింబియా గుమ్మంలోనే చీపురు పట్టుకుని నిలబడింది. లాలూచీ సంగతి అక్కడే తేలిపోయింది.

"మళ్లీ తెచ్చావా మందని! ఒరే అన్నయ్యా, నా గదులన్నీ ముందే నిండిపోయాయిరా! వీళ్లకు నా మంచం, మా అత్త మంచం, పిల్లల మంచాలు ఇచ్చి నేను వంటింట్లో నేలమీద పడుకోవాలా? చుట్టానివని ఊరుకుంటున్నా గానీ, ఆ బూట్లు ఎప్పుడో సముద్రంలో గిరాటేస్తా!"

తిడుతూనే అందరికీ పప్పుచారు వడ్డించింది. దోమ్నా నా పక్కనే కూర్చుని తింటూ, "మనూసోస్ గారికి మీరంటే ఎంత ఇష్టమో పిన్నిగారూ!" అంది.

"నీకెలా తెలుసు?"

"అత్తిచెట్టు దగ్గరా, ఊట దగ్గరా 'పడింది' అనే ముందు వెనక్కి తిరిగి మిమ్మల్నే చూశాడు కదా."

నా చెంచా గాల్లో ఆగిపోయింది. అత్తిచెట్టు దగ్గర కెప్టెన్ అందరికంటే ముందున్నాడు, గుర్రంలా. ఊట దగ్గరా అంతే. చిట్టచివర ఉన్నదెవరు? నేనే. "పడింది" అనగానే ఒక్క ఉదుటున పోయి కూలబడిందెవరు? పరిశీలన కోసం... సరేలెండి.

ఆదివారం కాఫీ దుకాణం కిటకిటలాడింది. పొలిదోరస్ బల్లమీద కొట్టాడు.

"ఏం చెప్తావ్ మనూసో?"

"రాయి పడింది."

"అంతేనా?"

"ముడి కూడా పడింది."

అందరూ పగలబడి నవ్వారు. పాంతేలిస్ అప్పుడే కొత్త టోపీ పెట్టుకొచ్చాడు. మనూసోస్ నేల చూస్తున్నాడు. కెప్టెన్ సంగతి చెబితే చాలు, క్షణంలో బయటపడతాడు. ప్రాణం పోయినా చెప్పడు. నేను చెప్పినా ఆ పెద్దమనిషి పరువు గండిలో కలుస్తుంది. మరి చెప్పదగ్గ పేరు ఎవరిది మిగిలింది? నేను లేచాను. మా ఆయన సమాధిలో మొహం అటు తిప్పుకుని ఉంటాడు.

"ఆలస్యం వీడివల్ల కాదు. నావల్ల. నేను అలిసిపోయాను."

పూసలదండలు ఆగిపోయాయి. ఫాదర్ శిలువ గీసుకున్నారు. పొలిదోరస్ నమ్మలేక, "ఏమన్నావక్కా?" అన్నాడు.

"అలిసిపోయాను అన్నా. మళ్లీ అనమన్నా అంటా. మొదటిసారే కష్టం, రెండోసారి నోట్లో బానే తిరుగుతోంది. ఇప్పుడు మీరు చెప్పండి. మనూసోస్‌తో గండి దిగి, వీడు బూటు విప్పుతున్నంతసేపూ నిలబడే ఉన్న మగాడు ఎవడో చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. అందరికీ ఉన్నట్టుండి కాఫీ కప్పు అడుగున ఏదో ముఖ్యమైన విషయం కనబడింది.

"పొలిదోరస్, ఈస్టర్ ముందు నువ్వు దిగావే. వీడికి రాళ్లు ఎక్కువ పడ్డాయా, తక్కువ పడ్డాయా?"

అధ్యక్షుడు పొట్ట సర్దుకున్నాడు. "కాస్త... ఎక్కువే పడ్డట్టు గుర్తు."

"ఊరేగింపులో పడింది," అని ఫాదర్ గొంతు సవరించుకున్నారు, "బహుశా నాదేనేమో."

 చివరికి మూలనుంచి లాంచీ యజమాని ఆంతిమోస్ దగ్గాడు. "ఎండలో బయల్దేరితే నా ఇంజను మరీ వేడెక్కుతోంది. ఇకనుంచి పొద్దు వాలాకే తీస్తా. ఇంజను కోసమే సుమా!"

"ఇంజను కోసమే! ఇంజను ఆరోగ్యం ముఖ్యం!" అని అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. తీర్మానం కూడా అలాగే రాసుకున్నారు. గైడు పని ఎవరిదన్న ప్రశ్న మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పాంతేలిస్ టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

సభ ముగిశాక మనూసోస్‌ను మా ఇంటి ముందు పట్టుకున్నాను. ఊళ్లో ఏ రహస్యమూ నా దగ్గర ఒకపూట మించి దాగలేదు. ఇదొక్కటి దాగితే నాకు అన్నం సయిస్తుందా?

"ఒరే, సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. శనివారం నీ జేబులోంచి తీసి బూటులో వేసుకున్న రాళ్లలో నాకోసం వేసుకున్నవి ఎన్ని?"

మనూసోస్ ఎంతో ఆశ్చర్యపోయినట్టు నావైపు చూశాడు.

"నీకోసమా? ఒక్కటి కూడా లేదు పిన్నీ! నీ నడక అందుకోలేక అలిసిపోయింది నేను. ఆ మాట నలుగురిలో అనడానికి నీకున్న ధైర్యం నాకు లేక, రాళ్ల మీదికి నెట్టేశా."